అడుగున మిగిలిన మందు

గినీ పందుల గోల ఎలా ఉంటుందో విననివాళ్లకు చెప్పడం కష్టం. ఎలుకకన్నా పెద్దది, కుందేలుకన్నా చిన్నది, పేరుకైనా తోక లేని ఆ జంతువు మేత డబ్బా మూత చప్పుడు వినపడితే చాలు, ఎవరో పీక నొక్కుతున్నట్టు ఈల వేసి ఏడుస్తుంది. ఒకటి మొదలుపెడితే గదంతా అందుకుంటుంది. విశాఖపట్నంలో కొండవాలు మీద కట్టిన ఆ చర్మ పరిశోధనశాలలో అలాంటివి అరవై ఉండేవి. పొద్దున్న ఎనిమిదింటికి ఈశ్వరి జంతువుల గది తలుపు తీసి స్టీలు డబ్బా మూత లాగిందంటే మేడమీద కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు చెవులు మూసుకునేవారు.

ఈశ్వరికి మాత్రం ఆ గోలంటే ఇష్టం. తొమ్మిదేళ్లుగా వాటికి మేత వేసేదీ, మందు రాసేదీ, పుస్తకంలో వాటి సంగతులు ఎక్కించేదీ ఆమే. తనకోసం ఇంత ఆత్రంగా ఎదురుచూసేవాళ్లు ఇంట్లో కూడా లేరని నవ్వేది. అందుకే జూలై నెలలో కింది వరస నోరు మూసుకున్నప్పుడు ముందు పసిగట్టింది కూడా ఆమే.

బోనులు గోడవారగా మూడు వరసల్లో ఉంటాయి. పై వరసలో ఇరవై, నడి వరసలో ఇరవై, కింది వరసలో ఇరవై. పై వరస ఎప్పటిలాగే కొంపలంటుకున్నట్టు అరుస్తోంది. కింది వరస మాత్రం క్యారెట్ ముక్క కళ్లెదుట పడేదాకా కదలడం లేదు. జబ్బేమో అనుకుంటే జబ్బు కాదు. శుభ్రంగా తింటున్నాయి, బరువు పెరుగుతున్నాయి. ఏం రాయాలో తోచక పుస్తకంలో 'కింది వరస ప్రశాంతంగా ఉంది' అని రాసింది. పరిశోధనశాల అధిపతి డాక్టర్ మృణాళిని అది చదివి సంబరపడి, మచ్చ పోతే జంతువుకైనా మనశ్శాంతేనని అంది. ఇద్దరూ తెలివైనవాళ్లే. ఇద్దరూ ఆ మాట దగ్గర ఆగిపోయారు.

ఆ రోజుల్లో అందరి కళ్లూ మచ్చల మీదే ఉన్నాయి మరి. కాలిన చోటో, కోసిన చోటో గాయం మానాక కొందరికి చర్మం పాలిపోయి తెల్లమచ్చ మిగులుతుంది. అక్కడ రంగునిచ్చే కణాలు చచ్చిపోయి ఉంటాయి. చుట్టుపక్కల బతికున్నవి ఆ పాడుబడిన చోటికి రమ్మన్నా రావు. మృణాళిని పదకొండేళ్లు కూర్చుని వాటిని రమ్మని పిలిచే మందు తయారుచేసింది. దానికి పెద్ద పేరేదో ఉంది గాని అక్కడ అందరూ 'పిలుపు' అనేవారు. జంతువు వీపు మీది తెల్లమచ్చపై సన్నసూదుల రోలర్ నాలుగు వైపులా దొర్లించాలి. కంటికి ఆనని ఆ కన్నాల్లో పిలుపు నాలుగు చుక్కలు వేయాలి. ఒక సీసా మూడు జంతువులకు. పై బోను, దాని కింద నడి బోను, దాని కింద అడుగు బోను. అడుగున మిగిలిన కాస్త మందూ సీసాతో సహా పసుపు సంచిలో వేసి కాల్చేయాలి. మార్చిలో మొదలుపెడితే జూన్‌కల్లా అరవై వీపుల మీదా మచ్చ ఉన్న చోటు వెతుక్కోవలసి వచ్చింది.

ఆ జూన్‌లోనే ఈశ్వరి మొదటిసారి పసుపు సంచిలో ఖాళీ సీసాలు వేసి, మందు తన దగ్గర ఉంచుకుంది.

*

ఆమె కూతురు లోహితకు పన్నెండేళ్లు. ఎడమ చెవి తమ్మె కింద మొదలై దవడ మీదుగా మెడ దాకా నాలుగు వేళ్ల వెడల్పున తెల్లమచ్చ ఉండేది. చామనఛాయ మొహం మీద అది గది అవతలనుంచి కనబడేది.

అది పడ్డప్పుడు పిల్లకు నాలుగేళ్లు. అనకాపల్లి దగ్గర ఈశ్వరి పుట్టింట్లో చెరుకు గానుగ ఆడుతున్నారు. వేడి వేడి పాకం ఆకు మీద వేయించి పిల్లకు నాకించాలని ముచ్చటపడి బెల్లం పెనం దగ్గరికి ఎత్తుకెళ్లింది ఈశ్వరే. పాకం తిప్పేవాడి చేతిలో గరిటె జారింది. నీళ్లయితే కారిపోయేవి. పాకం అతుక్కుపోయింది. దాన్ని తుడవబోయి చర్మంతో సహా లాగింది కూడా ఈశ్వరే. ఆ సంగతి భర్త సూరిబాబు ఎన్నడూ ఎత్తలేదు, అత్త అప్పయ్యమ్మ ఎన్నడూ దెప్పలేదు. ఎవరైనా ఒక్కసారి తిట్టి ఉంటే కొంత బరువు దిగేదని ఈశ్వరికి అనిపించేది.

లోహిత ఎప్పుడూ జుట్టు ఎడమ పక్కకి వేసుకునేది. బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గరే కూర్చునేది. బడిలో ఎడమ గోడవారన చివరి బెంచీ ఏరి కోరి తీసుకుంది. ఏడో తరగతి మొదలైన వారానికి పక్కన కూర్చునే పిల్ల తల్లి వచ్చి, ఇది బొల్లి, అంటుకుంటుంది, మా అమ్మాయిని వేరే చోట కూర్చోబెట్టండి అని టీచరుతో అందరి ముందూ అంది. కాలిన మచ్చ అని టీచరు చెబితే ఆవిడ వినిపించుకోలేదు. లోహిత ఇంటికొచ్చి ఏడవలేదు. బడికి మాత్రం ఇక వెళ్లనంది.

ఈశ్వరి మర్నాడే మృణాళిని గదికి వెళ్లి అడిగింది. పిల్లల మీద వాడడానికి అనుమతి రావాలంటే ఇంకో మూడేళ్లు పడుతుందనీ, అప్పుడు మొదటి పేరు లోహితదే రాస్తాననీ ఆవిడ మంచిగానే చెప్పింది. మూడేళ్లంటే పదో తరగతి.

అన్నం మెతుకు సింకులో పడితే మనసొప్పని ఇంట్లో పెరిగిన మనిషి ఈశ్వరి. మందు వేసిన ప్రతిసారీ అంత మిగులు కాల్చడానికి ఇచ్చేటప్పుడు ఎలాగూ చెయ్యి ఆడేది కాదు. ఇరవై సీసాల అడుగుబొడుగూ ఒక సీసాలోకి వంచింది. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో కరివేపాకు పొట్లం వెనక దాచింది. సూదుల రోలర్ బజారులో దొరికేదే. మరిగించి స్పిరిట్‌లో ఉంచింది. శుభ్రం విషయంలో ఆమెకు వంక పెట్టలేం.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సూరిబాబు షిప్పులు బాగుచేసే యార్డుకు వెళ్లిపోయేవాడు. అప్పయ్యమ్మ వంటింటి గడపకు తల ఆనించి కునికేది. ముందుగదిలో తల్లీకూతుళ్లు కూర్చునేవారు. మత్తు క్రీము పట్టించి నలభై నిమిషాలు ఆగేవారు. తర్వాత ఈశ్వరి రోలర్ నిలువునా, అడ్డంగా, రెండు ఐమూలలకూ దొర్లించేది. ఆవగింజలో సగమైనా లేని నెత్తుటి చుక్కలు మచ్చంతా లేచేవి. లోహిత దిండు కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఇంకా గట్టిగా ఒత్తమ్మా అనేది. ఆ తర్వాత పిలుపు చుక్క చుక్కగా పడేది.

మందు ఆరు వారాలకొకసారి వేయాలన్నది పరిశోధనశాల నియమం. కానీ ఇది అసలు మందు కాదు, మిగిలిపోయిన మందు. పారేయడానికి పెట్టినదానికి అంత బలం ఎక్కడుంటుందని ఈశ్వరి లెక్క. అందుకని రెండు వారాలకొకసారి వేసింది.

మొదటి నెలలో మచ్చ అంచులు మసకబారాయి. రెండో నెలలో తెలుపు మధ్యలో గసగసాలంత గోధుమరంగు చుక్కలు మొలిచాయి, అవి చూసుకుని లోహిత మళ్లీ బడికి వెళ్లసాగింది. ఆగస్టు చివరికి అవి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. వినాయక చవితి నాడు లోహిత తలంటు పోసుకుని అద్దం ముందు నిలబడి, జుట్టంతా పైకి లాగి పోనీటెయిల్ వేసుకుంది. చెవి, దవడ, మెడ అన్నీ బయటికి కనబడేలా వేసుకుని వీధిలోకి వెళ్లింది. సూరిబాబు గుమ్మంలో నిలబడి చూస్తూ తుండుతో మొహం తుడుచుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఈశ్వరి పొయ్యి దగ్గర ఏడ్చింది. ఎనిమిదేళ్లలో ఆమె అంత సుఖంగా ఏడ్చింది అప్పుడే.

*

అదే నెలలో పిలుపు ఇళ్లలోకి వెళ్లింది. పెద్దవాళ్ల మీద వాడడానికి అనుమతి వచ్చింది. మూడువందల మంది ఆడవాళ్లకు పెట్టెలు పంపారు. పెట్టెలో ఒక రోలర్, మత్తు క్రీము, ఆరు సీసాలు. ఒకసారికి సగం సీసా వాడి మిగతాది పారేయమని అచ్చ తెలుగులో పెద్దక్షరాలతో రాసి పెట్టారు. సందేహాలు తీర్చడానికి హేమలత అనే అమ్మాయిని ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఆ పిల్ల మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఈశ్వరి దగ్గర కూర్చుని, తన గొంతు రాసిపోతోందని మొత్తుకునేది. ఫోను చేసిన ప్రతివాళ్లూ ప్రతి మాటా రెండేసిసార్లు చెప్పించుకుంటున్నారట, సిగ్నల్ బాగోలేదో ఏమోనట. ఈశ్వరి నవ్వి ఊరుకుంది.

ఇంట్లో లోహితకు పొగరెక్కిందని ఆమె అనుమానం. పిలిస్తే పలకదు. టీవీ ఇల్లెగిరిపోయేంత పెడుతుంది, తగ్గించమంటే మొహం చూస్తూ నిలబడుతుంది. క్లాసులో ధ్యాస ఉండడం లేదని టీచరు కబురు పెట్టింది. అందం వచ్చేసరికి పిల్లకు కళ్లు నెత్తికెక్కాయని ఈశ్వరి సూరిబాబుతో అంది. ఎక్కనీవే, ఇన్నాళ్లూ నేలే చూసింది కదా అని అతను కూతుర్ని వెనకేసుకొచ్చాడు.

అక్టోబరులో ఒక సాయంత్రం అప్పయ్యమ్మ బియ్యం ఏరుతూ కోడల్ని దగ్గరికి రమ్మంది. పదేళ్లుగా ఆవిడకు చెవులు సరిగ్గా వినపడవు. ఎవరు మాట్లాడినా నోటికేసి చూసి సగం అర్థం చేసుకుంటుంది, మిగతా సగానికి తలూపేస్తుంది.

"ఈసరీ, పిల్లని నువ్వు తిట్టకే," అంది మెల్లిగా. "దానికి పొగరు కాదు. నానెనకాల్నుంచి పిలిస్తే పలకదు. ఎదరకొస్తే నా నోరొంక సూస్తాది. అరదం కాపోతే నవ్వీసి తలూపీస్తాది. పదేళ్ల నుంచి నాను సేస్తన్న పనే అది. నాకొచ్చిన సెవుడే దానికీ వచ్చినాది."

ముసలమ్మకు చాదస్తం అనుకుంది ఈశ్వరి. అనుకున్నా, లోపలికి వెళ్లింది. లోహిత కిటికీ దగ్గర ఇటు వీపు పెట్టి హోంవర్క్ రాసుకుంటోంది. ఈశ్వరి గుమ్మంలోంచి పేరు పెట్టి పిలిచింది. గట్టిగా పిలిచింది. రెండడుగుల దూరంలో నిలబడి చప్పట్లు కొట్టింది. పిల్ల పేజీ తిప్పి రాసుకుంటూనే ఉంది.

*

మర్నాడు పొద్దున్న ఈశ్వరి జంతువుల గది తలుపు తీసి, డబ్బా మూత లాగకుండా కింది వరస ముందు గొంతుక్కూర్చుంది. చప్పుడు వినపడితే గినీ పంది చెవి దొప్ప టక్కున ఎగురుతుంది. అది దాని వశంలో ఉండే సంగతి కాదు, వద్దనుకున్నా ఆగదు. పై వరస వెనక చేయి పెట్టి, వాటికి కనబడకుండా గరిటెతో డబ్బా మీద కొట్టింది. ఇరవై జతల చెవులు ఎగిరాయి. నడి వరసలో సగం ఎగిరాయి. కింది వరస వెనక పది, పదిహేను, ఇరవై సార్లు కొట్టింది. చేయి నొప్పెట్టేదాకా కొట్టింది. ఒక్క చెవి కదల్లేదు. అవి ప్రశాంతంగా గడ్డి నములుతున్నాయి.

అప్పుడు ఆమె మనసులో సీసా మెదిలింది. పై బోనుకు సీసాలోని పైమందు. నడి బోనుకు నడిమందు. అడుగు బోనుకు అడుగుమందు. మధ్యలో సీసా ఊపాలని ఎవరూ చెప్పలేదు, తేటగా ఉండే మందును ఊపాలని ఎవరికీ తోచలేదు. పులుసు గిన్నెలో పైన తేట, అడుగున చిక్కన అని పదేళ్ల వయసు నుంచి తెలిసిన మనిషి ఈశ్వరి. ఇంట్లో పులుసు కలపకుండా ఎన్నడూ వడ్డించలేదు. సీసా దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయిందో. కింది వరసకు దక్కిన దానికన్నా చిక్కనిది, అన్నిటికన్నా అడుగుది, ఇరవై సీసాల గసి ఒక్క సీసాలో పోసి తన పిల్ల మెడలో గుచ్చింది. బలం ఉండదని రెండు వారాలకొకసారి గుచ్చింది.

ఆమె మేత వేయకుండానే మేడ ఎక్కింది. మృణాళిని ముందు నిలబడి, మందు తీసుకెళ్లిన సంగతి మొదలుకుని చప్పట్ల దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా రాలేదు. మృణాళిని మొదట కోపంగా వింది. మధ్యలో కోపం పోయింది. చెప్పడం అయ్యేసరికి రెండు చేతులూ బల్ల మీద బోర్లించి వాటికేసి చూస్తూ కూర్చుంది.

రంగు కణాలు చర్మంలోనే ఉంటాయనుకుంటాం. లోపలి చెవిలో కూడా గుప్పెడు ఉంటాయి. అక్కడ వాటి పని రంగు ఇవ్వడం కాదు. చెవి పనిచేయడానికి కావలసిన కరెంటు అవే నిలబెడతాయి. పిలుపు పలచగా ఉంటే మచ్చ అంచుల నుంచి మాత్రమే వస్తాయి. చిక్కగా ఉంటే ఎంత లోతునుంచైనా వస్తాయి. వచ్చినవి ఊరుకోవు, చర్మంలో కుదురుకుని ఇంకా దూరంగా ఉన్నవాటిని అవే పిలుస్తాయి. మృణాళిని ఇదంతా ఈశ్వరికి చెప్పలేదు, తనకు తాను చెప్పుకున్నట్టు చెప్పింది. చివరి మాట చెప్పాక లేచి గబగబా కిందికి వెళ్లి, ఫోను దగ్గర కూర్చున్న హేమలతను అడిగింది. పెట్టెలు తీసుకున్నవాళ్లు మిగిలిన సగం సీసా పారేస్తున్నారా అని.

హేమలత ఆవిడకేసి వింతగా చూసింది. "ఎవరు పారేస్తారు మేడమ్? ఫ్రిజ్‌లో పెట్టుకుని అడుగుదాకా వాడతారు. మా పిన్ని సీసా కడిగి మరీ వాడింది."

ఆ మాట విని మృణాళిని పెట్టెలు తీసుకున్నవాళ్ల జాబితా తెమ్మంది. కాల్చేయడానికి పసుపు సంచులు పెట్టుకున్న మనిషికి, మూడువందల వంటిళ్లలో చేతులు ఎలా నడుస్తాయో తట్టనే లేదు.

ఆ మధ్యాహ్నం లోహితకు చెవి పరీక్షలన్నీ చేయించారు. ఎడమ చెవి మొత్తం పోయింది. కుడి చెవిలో మూడో వంతు మిగిలింది, అదీ వారం వారం తరుగుతూ పోతుంది. మచ్చ ఉన్న చోట కొత్తగా చేరిన కణాలు పిలుస్తున్నంత కాలం అది ఆగదు. ఆపడానికి దారి ఒకటే. ఆ చర్మాన్ని చుట్టూ రెండు వేళ్ల మేర కలుపుకుని లోతుగా కోసి తీసేయాలి. తొడ నుంచి చర్మం తెచ్చి అతకాలి. అతికింది తెల్లగా, ముడతగా, ముందు మచ్చకన్నా పెద్దగా ఉంటుంది. దాని మీద ఏ మందూ ఇక పనిచేయదు.

కోయకపోతే ఏమవుతుందని ఈశ్వరి అడిగింది.

"రంగు కణాలు ఇంకోచోట కూడా ఉంటాయి ఈశ్వరీ," అంది మృణాళిని. "కింది వరసలో ముసలి జంతువులు రెండు గోడకు గుద్దుకున్నాయని నిన్న పుస్తకంలో నువ్వే రాశావు కదా. చెవి అయ్యాక కన్ను."

పెట్టెలు తీసుకున్నవాళ్ల జాబితాలో మొదటి పేరు రాజమండ్రిలో ఒక టీచరమ్మది. పై పెదవి మీద కాలిన మచ్చ. మృణాళిని ఆవిడకు ఆ సాయంత్రమే ఫోను చేసింది. ఆవిడకు అప్పటికే వినపడడం మానేసింది కాబట్టి భర్త విని, కాగితం మీద రాసి చూపించాడు. చాలాసేపటికి ఆవిడే ఫోను తీసుకుంది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఈమధ్యనే అద్దంలో చూసుకుంటున్నాననీ, తనను వదిలేయమనీ చెప్పి పెట్టేసింది. మృణాళిని రెండో పేరు మీద వేలు పెట్టి, ఫోను ఎత్తకుండా కూర్చుండిపోయింది. ఈశ్వరి ఆమెను అలాగే వదిలి ఇంటికి బయల్దేరింది.

*

ఆపరేషన్ ఎల్లుండి పొద్దున్నే అన్నారు. సూరిబాబు ఇది విని కూడా ఈశ్వరిని తిట్టలేదు. లోహితకు చెప్పాల్సింది తనేనని ఆమెకు తెలుసు. కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కో మాటా నోరు తెరిచి నెమ్మదిగా చెప్పింది. చెవులు పోతున్నాయనీ, అది తన తప్పేననీ, ఇక మందు ఆపేశాననీ.

లోహిత ఆశ్చర్యపోలేదు. భయపడనూ లేదు. గొంతు ఎంత పెడుతున్నదీ తెలియక కొంచెం గట్టిగానే మాట్లాడింది.

"నాకు తెలుసమ్మా. పంద్రాగస్టు నాడు బళ్లో పాట పాడుతుంటే అందరి నోళ్లూ ఆడుతున్నాయి, నాకు వినపడలేదు. చెప్తే నువ్వు ఆపేస్తావని చెప్పలేదు."

 ఈశ్వరి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి కరివేపాకు పొట్లం జరిపింది. వచ్చే ఆదివారానికని ఉంచిన సీసా అక్కడే ఉంది, ఖాళీగా. అడుగు కూడా గీకినట్టు అద్దంలా మెరుస్తోంది. వెనక్కి తిరిగితే లోహిత గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వు రెండు వారాలకొకసారే వేస్తున్నావు. మధ్యలో నేనే వేసుకున్నాను."

ఈశ్వరి అక్కడే నేల మీద కూలబడి, మిగిలిందంతా చెప్పేసింది. కోయాలని, కోస్తే మచ్చ మళ్లీ వస్తుందని, ముందుకన్నా పెద్దదని. లోహిత తల్లి పెదాల మీంచి కళ్లు తిప్పకుండా అంతా చదువుకుంది. అయ్యాక మొదటిసారి ఆ పిల్ల మొహంలోకి భయం వచ్చింది. ఎడమ చెయ్యి దానంతటదే దవడ మీదికి వెళ్లింది.

"వినపడకపోతే మిషన్ పెట్టుకుంటానమ్మా. జుట్టు కింద కనపడదు. మొహానికి ఏం పెట్టుకోవాలి?"

మిషన్లు పనిచేసే జబ్బు కాదని చెప్పింది ఈశ్వరి. తర్వాత కళ్లు కూడా పోతాయని చెప్పింది. కళ్లు పోతే పోనీ, అప్పుడు ఎవరు ఎలా చూస్తున్నారో నాకు కనపడదు కదా అంది లోహిత. ఆ మాట పన్నెండేళ్ల పిల్ల నోటినుంచి వచ్చింది.  ఈశ్వరి కూతుర్ని దగ్గరికి లాక్కోబోయింది. లోహిత రానివ్వలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్న వార్డులో లోహిత మంచం మీద తెల్ల గౌను వేసుకుని కూర్చుంది. జుట్టు మీదికి నర్సు ఆకుపచ్చ టోపీ తొడిగింది. పోర్టు ఆసుపత్రి కిటికీల్లోంచి ఉప్పుగాలి గదిలోకి కొడుతోంది. ఎండలో ఆ దవడ, ఆ మెడ కుడివైపుతో తేడా తెలియకుండా నిగనిగలాడుతున్నాయి. ఇంత చక్కని పిల్లని ఇంకో గంటకు చూడలేనని ఈశ్వరికి తెలుసు. అంగీకార పత్రం ఒళ్లో పెట్టుకుని, కలం మూత తీసి, ఆఖరిసారి చెప్పడానికి కూతురి ఎదురుగా వంగింది.

"నా తల్లీ, ఒక్క మాట విను," అంది.

ఆ పెదాలు కదలడం మొదలుపెట్టగానే లోహిత కళ్లు మూసుకుంది.

ఈశ్వరికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూతురి భుజాలు పట్టుకుంది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి, మిగిలిన ఆ మూడో వంతులోకి, ఇది నీకోసమేనని అరిచింది. పక్క మంచాలవాళ్లందరూ లేచి చూశారు. సూరిబాబు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. లోహిత రెప్పలు బిగించుకుని అలాగే కూర్చుంది. మొన్న వంటింట్లో నేల మీద తల్లి చెప్పిందంతా చదివిన పిల్ల, ఇవాళ ఒక్క అక్షరం కూడా చదవనని తలుపులు వేసేసుకుంది.

ఈశ్వరి మంచం అంచున కూర్చుని సంతకం పెట్టింది. తండ్రి కూడా పెట్టాలన్నారు, సూరిబాబు పెట్టాడు. నర్సు వచ్చి మంచం చక్రాల బ్రేకు తీసింది.

మంచం కదలగానే లోహిత కళ్లు తెరిచింది. భయంగా అటూ ఇటూ చూసింది. నర్సు నోటికేసి చూసింది, డాక్టరు నోటికేసి చూసింది, తలుపు పట్టుకున్న వార్డుబాయ్ నోటికేసి చూసింది. అందరూ ఏదో ధైర్యం చెబుతున్నారు. తలుపు దాకా పక్కనే నడిచిన ఈశ్వరి కూడా చెబుతూనే ఉంది. ఆమె మొహంకేసి మాత్రం పిల్ల చూడలేదు.